ఎవ్వరూ బాగాలేని పిల్లల పోటీ

నల్లా ఏ పూట వస్తుందో ఇప్పుడు మీ ఫోనుకే కబురు వస్తుంది. మా రోజుల్లో ఆ కబురు నేనే. ఏ గల్లీకి పొద్దున నీళ్ళు, ఏ గల్లీకి సాయంత్రం నీళ్ళు, ఎక్కడ మశూచి టీకాలు, ఇంటిపన్నుకు ఆఖరు గడువు ఎప్పుడు, ఇవన్నీ నా గొంతులోంచే ఊళ్ళోకి వెళ్ళేవి. మున్సిపల్ పార్కులో ఒక చిన్న గది, గదిలో నా ఎత్తు బల్ల మీద ఒక పెద్ద రేడియో, బయట వేపచెట్టుకు కట్టిన రెండు మైకు బూరలు. సాయంత్రం రేడియో వార్తలకు ముందు మున్సిపాలిటీ ప్రకటనలు నేను చదవాలి. ముందు తెలుగులో, వెంటనే ఉర్దూలో. ఆ తర్వాత వార్తలు, పాటలు వినిపించి తాళం వేసుకుని ఇంటికి పోవాలి. ఆర్డరు కాగితంలో నా ఉద్యోగం పేరు రేడియో అటెండరు. ఊళ్ళో మాత్రం అందరూ 'రేడియో సాబ్' అనేవారు. నేనెప్పుడూ వద్దనలేదు.

ఏ ఊరని మాత్రం అడక్కండి. ఇందూరు వాళ్ళు చదివితే ఇది బోధన్ ముచ్చట అనుకుంటారు, బోధన్ వాళ్ళు చదివితే ఇందూరు ముచ్చట అనుకుంటారు. అట్లా ఉంటేనే నేను రెండు చోట్లా చాయ్ తాగగలను.

అరవైల నాటి మాట. అప్పుడు మా కమిషనరు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. మంచివాడే కానీ ప్రకటనలు రాశాడంటే వినేవాళ్ళకు నిద్ర ముంచుకొచ్చేది. 'మరమ్మతుల నిమిత్తం రేపు ఉదయం నీటి సరఫరా నిలిపివేయబడును' అని రాసిచ్చేవాడు. అది చదివితే పార్కులో ఒక్కరు తల ఎత్తేవారు కాదు. అందుకని నేను కాస్త పోపు పెట్టేవాణ్ణి. 'అక్కలారా, రేపు పొద్దున నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని కొట్లాడుకోకండి, ఎల్లుండి కొట్లాడుకుందురు గానీ, రేపు నీళ్ళు రావు' అని చదివేవాణ్ణి. జనం నవ్వేవారు, గుర్తు పెట్టుకునేవారు. కమిషనరు వారానికోసారి పిలిచి మందలించేవాడు. 'రాసింది రాసినట్టు చదవవయ్యా బాబూ, నీ కవిత్వం ఎందుకు?' అనేవాడు. 'సరే సార్' అని వచ్చి మళ్ళీ పోపు పెట్టేవాణ్ణి. ఆ పోపే ఒకసారి మాడింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ఎండాకాలం వస్తే చక్కెర ఫ్యాక్టరీ సీజను బందయ్యేది. చెరకు బండ్లు తిరగవు, బడులకు సెలవులు, ఇళ్ళలో రేకుల కింద కూర్చుంటే మాడిపోతాం. పొద్దు వాలగానే ఊరంతా పార్కుకే వచ్చేది. నా గది ముందు గడ్డిలో బీడీలు చుట్టే ఆడవాళ్ళు కూర్చునేవారు. ఒళ్ళో చాట, చాటలో ఆకు, తంబాకు, చేతిలో కత్తెర. చెవులు రేడియోకు, చేతులు బీడీలకు. వాళ్ళందరికీ పెద్ద ఒక అవ్వ. ఆమె పక్కనే ఎప్పుడూ ఊరంతా ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచే ఒక ముసలి సాయెబుల ఆవిడ. ఇద్దరూ ఒకే ఆకు కట్ట పంచుకుని చుట్టేవారు, ఒకే డబ్బీలోంచి జర్దా వేసుకునేవారు. రేడియోలో ఎవరి పాట బాగుందన్న దాని మీద మాత్రం రోజూ గొడవే. నా ప్రకటన బాగుంటే అవ్వ 'మంచిగ సదివినవ్ కొడుకా' అనేది. బాగాలేకపోతే ఆకు మీద కత్తెర చప్పుడు గట్టిగా చేసేది.

ఆ ఏడాది మున్సిపాలిటీ వేసవి సంబరాలు పెట్టింది. ఒక రోజు కుస్తీలు, ఒక రోజు కవ్వాలీ, ఒక రోజు బుర్రకథ, ఒక రోజు ముసలివాళ్ళ పరుగుపందెం. అందులో ఇద్దరు కౌన్సిలర్లు కూడా పరుగెత్తి పడ్డారు. ఆఖరి రోజు ఆరోగ్యవంతమైన పిల్లల పోటీ. ఏడాది నిండని పిల్లలను తల్లులు ఎత్తుకు రావాలి, డాక్టరు చూడాలి, తూకం వేయాలి, బాగా ఏపుగా ఉన్న బిడ్డకు కలెక్టరు చేతుల మీదుగా వెండి ఉగ్గుగిన్నె బహుమతి.

ఈ పోటీ ఉత్తి వేడుక కాదు. దీని వెనుక నర్సమ్మ ఉంది. బీడీల వాడలో మున్సిపాలిటీ వారి ప్రసూతి కేంద్రం ఉండేది, రెండు మంచాలు, ఒక బీరువా, ఒక నర్సమ్మ. ఒక కౌన్సిలరుకు ఆ గది మీద కన్ను పడింది. బజారు పక్కనే ఉంది, పన్నుల ఆఫీసుకు బాగుంటుంది, కేంద్రంతో ఏం పని, మన ఆడవాళ్ళు ఇంట్లోనే కంటారు కదా అని మీటింగులో పట్టు పట్టాడు. మిగతావాళ్ళు తలలూపారు. కమిషనరు ఎటూ తేల్చలేక, కలెక్టరు గారు సంబరాలకు వస్తారు కదా, వారే చూసి చెప్తారు అన్నాడు. నర్సమ్మ ఆ మాట పట్టుకుని, అయితే ఆ రోజు నా చేతుల మీద పుట్టిన పిల్లలందరినీ పిలిపిస్తాను, వారే చూడనీయండి అంది. ఆ తర్వాత నా గదికి వచ్చింది.

"తమ్మీ, తల్లులు వస్తెనే కేంద్రం ఉంటది. రాకపోతె ఉండదు. ఇగ నీ నోట్లనే ఉన్నది," అంది.

నా నోట్లోనే కాదు, నా ఇంట్లో కూడా ఉంది. అప్పటికి మా ఆవిడకు ఏడో నెల. మొదటి కాన్పు వేల్పూరులో పుట్టింట్లో అయింది. బిడ్డ దక్కలేదు, మా ఆవిడ చావు దాకా వెళ్ళి వచ్చింది. ఈసారి నర్సమ్మ దగ్గరే కంటానని ముందే చెప్పేసింది. కేంద్రం మూతపడితే మళ్ళీ ఇల్లు, మళ్ళీ మంత్రసాని. ఆ భయం నా గుండెల మీద కూర్చుని ఉంది. అందుకని ఆ సాయంత్రం నాకు తెలిసిన పోపులన్నీ కలిపి వేశాను.

"అక్కలారా, అమ్మలారా, మీ ఇంట్ల బొద్దుగ, ముద్దుగ, పాలబుగ్గలతోని మెరిసిపోయే పిలగాడున్నడా? దాచిపెట్టకండి, తీస్కరండి! ఊరంత చూస్తది! తూకం వేస్తం, అందరిల ఎక్కువ బరువున్న బిడ్డ పేరు, వాళ్ళ నాయిన పేరు, గల్లీ పేరు గీ మైకుల చదువుత!" అన్నాను. ఉర్దూలో ఇంకాస్త తేనె పోసి చదివాను.

చదివి కిటికీలోంచి చూశాను. ఒక్క కత్తెర ఆడటం లేదు. బీడీల ఆడవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. సరిగ్గా నా వెనకాల దెయ్యం ఉన్నట్టు చూస్తున్నారు. వాళ్ళలో ఒకామె ఒళ్ళో బిడ్డను చప్పున కొంగు కింద దాచుకుంది. అవ్వ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఏందిరా నువ్వు సదివింది? పానం మంచిగున్నదా నీకు?"

"ఏమైంది అవ్వా?"

"మా పిలగాండ్లను ఊరందరి ముంగట నిలవెట్టి, గీడు దొడ్డుగున్నడు, గీడు ముద్దుగున్నడని మైకుల ఒర్లుతవా? బరువు సూస్తవా? తూకం ఏస్తె పిలగాడు మిగుల్తడారా? ఎవరి కండ్లు ఎసొంటియో నీకెర్కనా?"

ఖాలా కూడా లేచి వచ్చింది. "నజర్ లగ్ జాతీ బేటా," అంది. "పేరు గూడ చెప్తడట, గల్లీ గూడ చెప్తడట! దిష్టి కొట్టెటోళ్ళకు ఇల్లు ఎతుక్కునే పని గూడ లేకుంట చేసిండు!" అని అవ్వ వైపు తిరిగి నెత్తి కొట్టుకుంది. ఆ ఇద్దరూ ఒక మాట మీద ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

మరునాడు నర్సమ్మ పోటీకి పేర్లు రాసుకుందామని కేంద్రం ముందు బల్ల వేసుకుని కూర్చుంది. సాయంత్రం దాకా కూర్చుంది. ఒక మేక వచ్చి బల్ల మీద గుడ్డ నమలబోయింది. ఇంకెవరూ రాలేదు. నల్లాల దగ్గర నా పేరు చెప్పుకుని తిట్టుకుంటున్నారని మా ఆవిడ కబురు మోసుకొచ్చింది. 'ఏం జేసినవ్, నన్ను గూడ నీళ్ళు పట్టుకోనిస్తలేరు' అని నా మీద కూడా ఒక కేక వేసింది.

కమిషనరుకు సంగతి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "ఈ కాలంలో కూడా దిష్టేమిటయ్యా? వాళ్ళకు నచ్చజెప్పాలి," అని మూఢనమ్మకాల మీద రెండు పేజీల ఉపన్యాసం రాసిచ్చాడు. ఈసారి పోపు లేకుండా, రాసింది రాసినట్టు చదివాను. 'దృష్టి దోషమనునది అజ్ఞానమే తప్ప వేరు కాదు' అన్న చోట గడ్డిలోని ఆడవాళ్ళు చాటలు సర్దుకున్నారు. రెండో పేజీకి వచ్చేసరికి గడ్డి ఖాళీ. నేను ఉర్దూలో చదువుతుంటే వినడానికి మాలి ఒక్కడే మిగిలాడు, వాడు కూడా మొక్కలకు నీళ్ళు పెట్టాలి గనుక.

కౌన్సిలరు ఆ సాయంత్రం పార్కులో తెల్ల ధోతీతో తిరుగుతూ, గది ఎంత పొడుగుంది, ఎంత వెడల్పుంది అని ఎవరినో అడుగుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఏం చేయను? తాళం వేసి నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను.

నర్సమ్మ నన్ను తిట్టలేదు. నవ్వింది. "తమ్మీ, నేను గీడ ఇన్నేండ్ల నుంచి కాన్పులు చేస్తున్న. ఏ ఒక్క బిడ్డను చేతుల పెట్టి 'బంగారం లెక్కున్నడమ్మా' అన్ననా? ఎన్నడు అనలే. 'ఇగో, తీస్కో, మామూలుగున్నడు' అంట. అప్పుడే ఆ తల్లికి నిద్ర పడ్తది. నువ్వేమో మైకుల పాలబుగ్గలంటివి," అంది.

"మరి ఎట్ల అక్కా?"

"అవ్వ దగ్గరికి పోదాం పా."

అవ్వ ఇంటి ముందు మంచం మీద కోడలు బిడ్డకు పాలిస్తోంది. మమ్మల్ని చూసి బిడ్డ మొహం మీద కొంగు కప్పింది. నేను బుద్ధిగా గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నర్సమ్మ కేంద్రం సంగతంతా చెప్పింది. పన్నుల ఆఫీసు మాట వినగానే అవ్వ బీడీ చుట్టడం ఆపింది.

"మూస్తరా? గట్లెట్ల మూస్తరు?"

"మీరు రాకపోతె మూస్తరవ్వా."

అవ్వ చాలాసేపు ఆకు కత్తిరించింది. ఆ తర్వాత షరతులు చెప్పింది. తూకం వేసే తరాజు ఎవరి కంటా పడకూడదు. ఎవరి పేరూ మైకులో రాకూడదు. ఎవ్వరూ, డాక్టరైనా సరే, ఏ బిడ్డనూ బాగుందని అనకూడదు. ఇళ్ళకు పోయే ముందు అక్కడే అందరు పిల్లలకు దిష్టి తీయాలి, ఆ ఉప్పు, మిరపకాయలు మున్సిపాలిటీయే పెట్టుకోవాలి.

"మున్సిపాలిటీ ఎందుకవ్వా?" అన్నాను.

"పిలిసినోడే తియ్యాలె. గాలివాటుకు పిలిసి ఊకుంటె ఎట్ల?" అంది.

నర్సమ్మ ఒప్పుకుంది. నేను అంతకంటే ముందే ఒప్పుకున్నాను. మరునాడు సాయంత్రం ప్రకటన నేనే రాసుకున్నాను. కమిషనరు మొహం చాటేసి ఇంట్లో కూర్చున్నాడు, అడిగేవాళ్ళు లేరు.

"అక్కలారా, ఆఖరి రోజు పోటీ లేదు. గెలుపు లేదు, ఓటమి లేదు, పేరు లేదు, తూకం లేదు. బక్క పిల్లలు, ఏడ్చే పిల్లలు, ముక్కు కారే పిల్లలు, పాలు తాగక సతాయించే పిల్లలు, ఎవ్వరైన రావచ్చు. బాగున్న పిల్లలుంటె ఇంట్ల ఉంచుకోండి, మాకవుసరం లేదు. ఆఖరుకు ఉప్పు, మిరపకాయలతోని మర్యాద ఉంటది," అన్నాను. ఉర్దూలో కూడా అంతే. కిటికీలోంచి చూశాను. కత్తెరలు ఆడుతున్నాయి. అవ్వ తల ఎత్తకుండానే "మంచిగ సదివిండు" అంది ఖాలాతో.

ఆఖరి రోజు సాయంత్రం పార్కులో షామియానా వేశాం. ఎండ ఇంకా తగ్గలేదు. ఒకరి తర్వాత ఒకరు తల్లులు వస్తున్నారు. బీడీల వాడ వాళ్ళు, కోట గల్లీ వాళ్ళు, నవీపేట వైపు నుంచి బండి కట్టుకుని వచ్చినవాళ్ళు కూడా. షామియానా నిండిపోయి వేపచెట్టు కింద కూడా కూర్చున్నారు. నాకు సంతోషంతో కాళ్ళు నిలవలేదు. కానీ పిల్లలను చూడాలి మీరు! ప్రతి బిడ్డ బుగ్గ మీద రూపాయంత కాటుక బొట్టు, నుదుట ఇంకొకటి, అరికాళ్ళకు, గడ్డానికి. కొందరు మరీ జాగ్రత్తపడి మొహమంతా మసి పూసుకొచ్చారు. చిరిగిన అంగీలు వెతికి మరీ తొడిగారు. ఒకామె బిడ్డకు ఇంట్లో వాళ్ళ పాత బనీను తొడిగింది, అది నేల మీద ఈడ్చుకుపోతోంది.

కలెక్టరు జీపు దిగాడు. నడివయసు మనిషి, కళ్ళజోడు, తక్కువ మాట్లాడేవాడు. ఆయన వెనక కమిషనరు, కమిషనరు వెనక కౌన్సిలరు. కలెక్టరు మొదటి వరుసలో ఒక తల్లి ముందు ఆగాడు. ఆమె ఒళ్ళో బిడ్డ గుండ్రంగా, గుమ్మడికాయలా ఉన్నాడు.

"బాబు బాగున్నాడా అమ్మా?"

"ఏడ బాగున్నడు సారూ! బువ్వ తినడు, పాలు తాగడు. పుట్టిన కాడికెల్లి గిట్లనే ఎండిపోయి ఉన్నడు."

కలెక్టరు పక్కకు జరిగాడు. "పాప ఎలా ఉంది?"

"పాపా? ఏం పాప సారూ, దినాం జరమే. సచ్చి బతుకుతున్నది." ఆ పాప అప్పుడే పక్క బిడ్డ చేతిలోని బెల్లం ముక్క గుంజుకుని చప్పరిస్తోంది.

మూడో ఆమె, "బుఖార్, సర్ది, ఖాఁసీ, సబ్ హై సాబ్" అంది, జ్వరం, పడిశం, దగ్గు అన్నీ ఉన్నాయట. బిడ్డ మాత్రం కిలకిలా నవ్వుతున్నాడు. ఇట్లా వరుసంతా. ఒకరు విరేచనాలన్నారు, ఒకరు గజ్జి అన్నారు. ఒకామెకు రోగాల పేర్లు అయిపోయినట్టున్నాయి, "గీమె బిడ్డకు ఏమున్నదో గదే నా బిడ్డకు గూడ" అని పక్కామెను చూపించింది.

నాకు నవ్వు ఆగలేదు. అంతలో కమిషనరు మొహం చూశాను. తెల్లగా పాలిపోయింది. అప్పుడు వెలిగింది నాకు. కలెక్టరు ఈ మాటలన్నీ నిజమనుకుంటున్నాడు! కౌన్సిలరుకు నాకంటే ముందే వెలిగింది. వాడు ఆ ఊరివాడే, వాడి తల్లి కూడా వాణ్ణి అట్లాగే పెంచి ఉంటుంది. అయినా ఏమీ ఎరగనట్టు నాలుక చప్పరించాడు.

"చూసిన్రా సార్, ఒక్క పిలగాడు గూడ మంచిగ లేడు. కేంద్రం పెట్టి ఏం లాభం?" అన్నాడు.

కలెక్టరు ఆగి నర్సమ్మ వైపు తిరిగాడు. "వీళ్ళంతా మీ దగ్గర పుట్టిన పిల్లలేనా?"

"అవును సార్."

"ఇంతమందిలో ఒక్కరూ ఆరోగ్యంగా లేకపోతే మీ కేంద్రం ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నట్టు?"

నర్సమ్మ ఏం చెప్పగలదు? పిల్లలు బాగున్నారని అంటే ఆ షామియానా క్షణంలో ఖాళీ అవుతుంది, మళ్ళీ ఏ తల్లీ ఆమె గడప తొక్కదు. అనకపోతే కేంద్రం పోతుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చేతిలో మైకు ఉంది. ఊరంతటికీ వినిపించే మైకు పట్టుకుని ఒక్క మాట అనలేక నిలబడ్డాను. మా ఆవిడ మొహం కళ్ళ ముందు కదిలింది.

అప్పుడు అవ్వ లేచింది. మనవణ్ణి చంకన వేసుకుని నేరుగా కలెక్టరు ముందుకు వచ్చింది.

"సారూ, ఒక ముచ్చట సెప్త, ఇంటవా?"

"చెప్పమ్మా."

"నాకు గూడ పిలగాండ్లు పుట్టిండ్రు. శాన మంది పుట్టిండ్రు. ఒక్కొక్కడు ఎట్లుండె అనుకున్నవ్! నేను అప్పుడు సిన్న పోరిని, ఏమెర్క? సంకనేసుకొని వాడకట్టంత తిరిగిన. నా కొడుకును సూడున్రి, నా కొడుకు ఎంత మంచిగున్నడో సూడున్రి అని కనవడ్డోళ్ళందరికి సూపెట్టిన. ఒక్కడు మిగల్లే సారూ. ఆఖరోన్ని ఎవ్వలకు సూపెట్టలే. పుట్టంగనే తీస్కపోయి పెంట మీద పండవెట్టి, పక్కింటామెకు నూకలిచ్చి, నా కొడుకు గాదన్నట్టు కొనుక్కొచ్చుకున్న. వాడొక్కడే బతికిండు. గీడు వాని కొడుకు."

అవ్వ మనవణ్ణి ఇంకో చంకకు మార్చుకుంది.

"గీడు కడుపుల అడ్డం తిరిగిండు. నా కోడలు సచ్చేదుండె. గీ నర్సమ్మ పొద్దుందాక కొట్లాడి ఇద్దరిని నా సేతుల వెట్టింది. గిప్పుడు నువ్వే సెప్పు సారూ. గీడు మంచిగున్నడని నా నోటితోని నేనెట్ల సెప్పాలె? ఎట్ల సెప్పుమంటవ్?"

కలెక్టరు చేతులు చాపాడు. అవ్వ ఒక క్షణం తటపటాయించి బిడ్డను ఇచ్చింది. మసి మొహంతో ఆ పిలగాడు కలెక్టరు కళ్ళజోడు ఒక్క గుంజు గుంజాడు. రెండు చేతులతో పట్టుకుని వదలడు. కలెక్టరు లాగుతాడు, వాడు లాగుతాడు. చివరికి నర్సమ్మ వచ్చి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. కళ్ళజోడు ఒక పుల్ల వంకరపోయింది. కలెక్టరు దాన్ని అట్లాగే పెట్టుకున్నాడు. ఆయన మొహంలో ఏదో కదిలింది. నాకైతే అది నవ్వులా కనిపించింది.

"అమ్మా, మీ మనవడు ఏమీ బాగాలేడు," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా. "నేను చాలా ఊళ్ళు చూశాను. ఇంత నీరసంగా ఉన్న పిల్లలను ఎక్కడా చూడలేదు." ఆ తర్వాత కమిషనరు వైపు తిరిగాడు. "రాసుకోండి. ఊళ్ళో పిల్లల పరిస్థితి ఇంత అధ్వానంగా ఉంటే ప్రసూతి కేంద్రం మూసే ప్రశ్నే లేదు. నర్సమ్మ ఒక్కరే చాలరు. ఒక ఆయాను వేయండి. ఇంకో మంచం కూడా."

కౌన్సిలరు ఏదో అనబోయాడు. "పిల్లలు బాగానే ఉన్నారంటారా?" అని కలెక్టరు వాణ్ణే అడిగాడు. తల్లులందరూ కౌన్సిలరు వైపు చూశారు. అవునంటే ఏమయ్యేదో వాడికి బాగా తెలుసు. "లేరు సార్, ఏం బాగలేరు," అని వెనక్కి తగ్గాడు.

ఇక ఉగ్గుగిన్నె. కలెక్టరు దాన్ని పట్టుకుని చుట్టూ చూశాడు. ఆయన కళ్ళు ఎటు పోతే అటు తల్లులు బిడ్డలను కొంగుల కింద దాచుకున్నారు. ఎవరికిచ్చినా ఆ ఇంట్లో గోలే. ఆయన అది గ్రహించి గిన్నెను నర్సమ్మ చేతిలో పెట్టాడు. ఇక నుంచి కేంద్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ ఇందులోనే ఉగ్గు పెట్టండి అన్నాడు.

కట్టె బొగ్గుల మీద ఉప్పు, మిరపకాయలు వేసే వేళయింది. కమిషనరు నా చెవిలో, "ఇదేమిటయ్యా?" అన్నాడు. "దోమలకు పొగ సార్," అన్నాను. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు ఎన్ని కాల్చినా ఘాటు రాదు, తగలకపోతేనే దగ్గు వస్తుందని మా ఆడవాళ్ళ నమ్మకం. అవ్వ ఒక వైపు, ఖాలా ఒక వైపు పిల్లల చుట్టూ పిడికిళ్ళు తిప్పి నిప్పుల్లో వేశారు. ఇక చూడండి! షామియానా అంతా ఒకటే దగ్గు. కమిషనరు దగ్గాడు, కౌన్సిలరు దగ్గాడు, జీపు డ్రైవరు పారిపోయాడు. కలెక్టరు వంకర కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ దగ్గుతున్నాడు. తల్లులు దగ్గుతూనే ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. ఒక్క బిడ్డకు కూడా దిష్టి తగల్లేదన్నమాట. అవ్వ ఆఖరి పిడికెడు ఉప్పు తీసుకుని కలెక్టరు దగ్గరికి వెళ్ళింది.

"నీకు గూడ తల్లుంటది గద," అని ఆయన చుట్టూ కూడా మూడుసార్లు తిప్పింది. కలెక్టరు తల వంచి నిలబడ్డాడు.

మరునాడు కమిషనరు నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. "పోటీ ఫలితం ప్రకటించాలి కదయ్యా. రాద్దామని కూర్చున్నాను, నా వల్ల కావడం లేదు. నీకు తోచినట్టు చదువు," అన్నాడు. నా ఉద్యోగంలో నా పోపుకు దొరికిన మొదటి సర్కారీ అనుమతి అదే. సాయంత్రం మైకు పెట్టి చదివాను.

"నిన్నటి కార్యక్రమం ఫలితం. వచ్చిన పిల్లలల్ల ఎవ్వరు గూడ బాగలేరు. అందరు అంతంత మాత్రమే. ఒక్కరు గూడ చూడదగ్గట్టు లేరు. అక్కలారా, మీరు నిశ్చింతగ పండుకోండి. ప్రసూతి కేంద్రం ఏడికి పోదు."

ఉర్దూలో కూడా చదివి కిటికీలోంచి చూశాను. చాటల ముందు ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు. అవ్వ మాత్రం కత్తెర పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆ రోజు రేడియోలో ఆమెకు ఇష్టమైన పాట వచ్చే దాకా బ్యాండ్లు తిప్పుతూ కూర్చున్నాను.

వానలు పడ్డాక మా ఆవిడ ఆ కేంద్రంలోనే, ఆ కొత్త మంచం మీదే కన్నది. ఆడపిల్ల. నర్సమ్మ బయటికి వచ్చి, "తీస్కో తమ్మీ, మామూలుగున్నది," అని నా చేతుల్లో పెట్టింది. నేను ఆ మొహం చూశాను. పొగడాలని నా నోటి చివరి దాకా ఎన్ని మాటలు వచ్చాయో! ఊరంతటినీ మాటలతో తిప్పినవాణ్ణి, పళ్ళు బిగించి నోరు మూసుకున్నాను.

అప్పుడే అవ్వ, ఖాలా తడిసిన గొడుగు మడుచుకుంటూ వచ్చారు. అవ్వ గుడ్డ తొలగించి చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత మూతి విరిచింది.

"ఏమున్నదిరా గిండ్ల? ఎలకపిల్ల లెక్కున్నది."

"న రంగ్ హై, న రూప్ హై, రంగూ లేదు, రూపూ లేదు," అంది ఖాలా, కళ్ళు తుడుచుకుంటూ.

అవ్వ తన కంటి కాటుక వేలికి అద్దుకుని నా బిడ్డ అరికాలికి పెట్టింది. ఆ తర్వాత ఆ అరికాలిని ఎవరూ చూడకుండా ముద్దు పెట్టుకుంది. నేను చూశాను.

"అవునవ్వా, ఏం బాగలేదు," అన్నాను తెలుగులో. అలవాటు కొద్దీ అదే మాట ఉర్దూలో చెబుదామని ఖాలా వైపు తిరిగాను. ఆ మాట మానేసి, కాటుక పెట్టిన ఆ అరికాలిని గుడ్డలో దాచుకున్నాను.